పేరు ప్లాటు కాదు

సంక్రాంతికి మా అక్కావాళ్ళు చిత్తూరు నుంచి తిరుపతి వచ్చారు. పండగ మూడు రోజులూ మా మేనల్లుడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. కనుమ రోజు రాత్రి అందరూ పడుకున్నాక మిద్దె మీద కూర్చుంటే వాడే ఫోన్ చేతికిచ్చాడు. అందులో ముప్పై ఎనిమిది డొమైన్ పేర్ల, అంటే వెబ్‌సైటు అడ్రసుల జాబితా ఉంది. ఒక ఫోన్ కంపెనీ పేరు పక్కన 'తిరుపతి' అని తగిలించాడు. ఒక బ్యాటరీ బ్రాండు పక్కన 'షోరూమ్' పెట్టాడు. పేరున్న నగల దుకాణం స్పెల్లింగులో ఒక్క అక్షరం మార్చాడు. రెండు కంపెనీలు కలుస్తాయని వార్తల్లో వస్తే ఆ రెండు పేర్లూ కలిపి రాసుకున్నాడు. చివర్లో మా ఊరి లాడ్జిల పేర్లు నాలుగైదు.

"ఒక్కోటి వెయ్యి లోపే మామా. పదింట్లో ఒకటి అమ్ముడుపోయినా లక్షలు వస్తాయి" అన్నాడు.

నాకు భయం వేసింది. ఇలాంటి జాబితా ఒకప్పుడు నా దగ్గరా ఉండేది. దాంట్లోంచి ఒక పేరు అమ్మాను కూడా. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి వాడికి మొదటిసారి చెప్పాను, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాడి వాదన చెప్తాను. అది వాడొక్కడిది కాదు, ఈ ఊళ్ళో పెరిగిన ఎవరికైనా సహజంగా తోచేదే. రేణిగుంట రోడ్డులోనో చంద్రగిరి వైపో పదిహేనేళ్ళ కింద సెంట్ల లెక్కన కొని పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారో వాడు చూస్తూ పెరిగాడు. "ఖాళీగా ఉండే ప్లాటు ముందుగా చూసి కొన్నా. ఆ కంపెనీ వాళ్ళు కొనుక్కోకపోతే తప్పు నాదా?" అన్నాడు.

'రిజిస్ట్రేషన్' అన్న ఒక్క మాటే ఇంత పొరపాటు చేయిస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు పడితే ఆ నేల మనదైనట్టు, ఇక్కడ కార్డు గీకితే ఆ పేరు మనదైపోయిందని అనుకుంటాం. డొమైన్‌ని ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో, ఎక్కువలో ఎక్కువ పదేళ్ళకో అద్దెకు తీసుకుంటాం, గడువు దాటితే పోతుంది. ఆ అద్దె చీటీ మీద కూడా మనం ఒక మాట ఇచ్చే తీసుకుంటాం. డబ్బు కట్టే ముందు 'నిబంధనలు అంగీకరిస్తున్నాను' అని టిక్ పెడతాం కదా, అందులో ఉంటుంది: ఈ పేరు తీసుకోవడం వల్ల నాకు తెలిసినంతలో ఇంకెవరి హక్కులకూ భంగం లేదు, గొడవ వస్తే ఫలానా పద్ధతిలో తీర్పుకి ఒప్పుకుంటాను అని. అది ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

ఇంకో సంగతి. ప్లాటు ధర రోడ్డు పడితే పెరుగుతుంది, పక్కన కాలేజీ వస్తే పెరుగుతుంది, కానీ ఆ నేల మాత్రం మొదటి నుంచీ కొన్నవాడిదే. 'ఫలానా బ్యాటరీ షోరూమ్' అన్న డొమైన్‌లో ఆ బ్యాటరీ పేరు తీసేస్తే మిగిలేది షోరూమ్ అన్న ఒక్క మాట. దానికెవరు పదివేలు ఇస్తారు? ఆ పదివేలు ఎవరో ఏళ్ళ తరబడి సరుకు తయారు చేసి, పాడైతే మార్చిచ్చి, షాపు షాపుకీ తిరిగి సంపాదించుకున్న నమ్మకానికి వచ్చే ధర. అందులో మన కష్టం ఏముంది?

"మరి తప్పయితే ఆ సైటు వాళ్ళు నాకెందుకు చూపిస్తున్నారు? పైగా ఇది దొరకలేదు, అది తీసుకోండి అని వాళ్ళే చెప్తా ఉండారు" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. స్నాప్‌డీల్ కంపెనీ ఈ విషయం మీదే డొమైన్లు అమ్మే సంస్థలను ఢిల్లీ హైకోర్టుకు లాగింది. అలాంటి పేర్లు సూచించి డబ్బు చేసుకునే ఈ సంస్థలు, అంటే రిజిస్ట్రార్లు, మాకేం సంబంధం, మేం మధ్యవర్తులం అని తప్పించుకోలేరని 2022లో కోర్టు చెప్పింది. కానీ అది రిజిస్ట్రార్ల బాధ్యత గురించిన మాట. సైటులో దొరికింది కాబట్టి కొన్నవాడికి తప్పు లేదని ఏ కోర్టూ అనలేదు. కంప్యూటర్ చూసేది ఆ అక్షరాల వరస ఖాళీగా ఉందా లేదా అన్నదొక్కటే. ఆ పేరు ఎవరిదో అది చూడదు.

మన దేశంలో ఈ లెక్క ఎప్పుడో తేలింది. యాహూఇండియా డాట్ కామ్ అని ఒకరు పెట్టుకుంటే యాహూ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. యాహూ అన్నది డిక్షనరీలో ఉన్న మాటే కదా అని వాదించారు. మాకూ ఆ కంపెనీకీ సంబంధం లేదని సైటులో రాశాం అన్నారు. 1999లో కోర్టు ఒప్పుకోలేదు. ఇంటర్నెట్‌లో మనిషి పేరు చూసి లోపలికి వచ్చేశాక కింద చిన్న అక్షరాల్లో రాసిన గమనిక వల్ల ఏం లాభం? అదే ఏడాది రెడిఫ్‌కి ఒక్క అక్షరం తేడాతో రాడిఫ్ అని పెట్టుకున్నవాళ్ళను బొంబాయి హైకోర్టు ఆపింది. మావాడి నగల దుకాణం స్పెల్లింగు నాకు అప్పుడే గుర్తొచ్చింది. తర్వాత సత్యం ఇన్ఫోవే కేసు 2004లో సుప్రీంకోర్టు దాకా పోయింది. సిఫీ అన్నది వాళ్ళు కల్పించుకున్న పేరు. ఇంకొకరు ఇంకో 'ఎఫ్' చేర్చి సిఫీనెట్ అని పెట్టుకున్నారు. డొమైన్లకోసమే ప్రత్యేకంగా చట్టం లేకపోయినా, ఒకరి పేరుతో ఇంకొకరి సరుకు చలామణి చేయకుండా ఆపే పాసింగ్ ఆఫ్ సూత్రం వాటికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. పాసింగ్ ఆఫ్‌కి ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయి ఉండాల్సిన పని లేదు. నలుగురిలో ఆ పేరుకు గుర్తింపు ఉంటే చాలు. 'రిజిస్ట్రీలో వెతికాను, దొరకలేదు' అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

మావాడు కాసేపు ఆలోచించాడు. "నేను ఏ సైటూ పెట్టను మామా. ఊరికే ఉంచుకుంటా. అప్పుడు ఎవరిని మోసం చేసినట్టు?"

ఈ వాదన నేనూ నమ్మాను కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. డాట్ కామ్ లాంటి పేర్ల గొడవలకు 1999 నుంచి యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది. జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) లాంటి సంస్థలు నియమించిన ప్యానెల్ వాటిని తేలుస్తుంది. అక్కడ మూడు విషయాలు చూస్తారు. పేరు ట్రేడ్‌మార్క్‌ని పోలి ఉందా, తీసుకున్నవాడికి ఆ పేరు మీద న్యాయమైన సంబంధం ఏమైనా ఉందా, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నాడా. దురుద్దేశం అంటే ఏమిటో ఉదాహరణలు ఆ పద్ధతిలోనే రాసి ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది మావాడి వ్యాపారమే! ట్రేడ్‌మార్క్ యజమానికో వాళ్ళ పోటీదారుకో, మనకైన ఖర్చు కంటే ఎక్కువకు అమ్మాలన్న ఉద్దేశంతో పేరు తీసుకోవడం. అంటే 'ఇంత ఇస్తే ఇస్తాను' అని మనం పంపే మెయిలే మన మీద సాక్ష్యం. ఆ పద్ధతిలో 2000 జనవరిలో వచ్చిన మొదటి తీర్పే దీనికి నిదర్శనం. కుస్తీ పోటీలు నడిపే అమెరికా కంపెనీ పేరు ఒకతను రిజిస్టర్ చేసుకుని, వెయ్యి డాలర్లిస్తే ఇస్తానని ఆ కంపెనీకే చెప్పాడు. పేరు పోయింది. ఊరికే ఉంచుకున్నా అంటే కుదరదని అదే ఏడాది టెల్‌స్ట్రా కేసులో తేలింది. అంత పేరున్న బ్రాండుని, తనెవరో దాచిపెట్టి, ఇంకే మంచి ఉపయోగానికీ వీలు లేకుండా అట్టిపెట్టుకోవడం కూడా దురుద్దేశంతో వాడటమే అన్నారు.

ఏదో ఒక పేజీ పెట్టేస్తే సరిపోతుందన్న యుక్తి కూడా పాతదే. సినిమా కెమెరాల కంపెనీ పానావిజన్ పేరు తీసుకున్న ఒకాయన, ఇల్లినాయ్ రాష్ట్రంలో పానా అనే ఊరుంటే దాని ఫొటోలు సైటులో పెట్టాడు. పదమూడు వేల డాలర్లు అడిగాడు. 1998లో అక్కడి అప్పీల్ కోర్టు ఆ ఫొటోలు చూసి మోసపోలేదు.

డాట్ ఇన్ పేర్లకు మన దేశంలోనే ఐఎన్‌డీఆర్‌పీ అనే ఇలాంటి పద్ధతే ఉంది, డాట్ ఇన్ పేర్లను చూసే నిక్సీ సంస్థ కింద నడుస్తుంది. ఇక్కడ యజమానికి పని ఇంకా సులువు. యూడీఆర్‌పీలో దురుద్దేశంతో తీసుకోవడం, దురుద్దేశంతో వాడటం రెండూ చూపించాలి. మన దాంట్లో రెండింటిలో ఏదో ఒకటి చాలు.

ఈ రెండు పద్ధతుల్లోనూ పోయేది ప్రధానంగా పేరే. అందుకే చాలామంది 'పోతే వెయ్యి రూపాయలు' అని ధైర్యం చెప్పుకుంటారు. ఆ ధైర్యం చాలా ప్రమాదకరం. యజమాని ప్యానెల్ దగ్గరికే వెళ్ళాలని ఎక్కడా లేదు, నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చు. మన 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టంలో 134వ సెక్షన్ కింద కంపెనీ తను వ్యాపారం చేసే చోట దావా వేసుకునే వీలుంది. తిరుపతిలో ఉన్న పిల్లాడికి ఢిల్లీ నుంచో ముంబై నుంచో కాగితం వస్తుంది. మనం వెళ్ళేలోపే మధ్యంతర ఇంజంక్షన్ (ఆ పేరు వాడొద్దనే తాత్కాలిక ఉత్తర్వు) రావచ్చు. తర్వాత నష్టపరిహారం, సంపాదించిన లాభం లెక్క చెప్పడం, ఎదుటివాళ్ళ కోర్టు ఖర్చులు. అమెరికా చట్టం ఇంకా కఠినం. 1999లో వాళ్ళు తెచ్చిన చట్టం ప్రకారం ఒక్కో పేరుకు వెయ్యి డాలర్ల నుంచి లక్ష డాలర్ల దాకా కోర్టు వేయవచ్చు. డాట్ కామ్ పేర్లన్నిటికీ మూల రిజిస్ట్రీ వర్జీనియాలో ఉంది కాబట్టి, మనిషి దొరక్కపోయినా అక్కడి కోర్టులో ఆ పేరు మీదే దావా వేసి లాక్కోవచ్చు.

ఇదంతా విన్నాక మావాడు అన్నమాట నన్ను నిలదీసినట్టు అయింది. "సరే, కంపెనీకి అమ్మను. అడిగినవాడికి అమ్మేస్తా. వాడేం చేసుకుంటే మనకేంది మామా?"

2018లో నేనూ సరిగ్గా ఇదే అనుకున్నాను.

అప్పటికి బస్టాండు దగ్గర ఒక లాడ్జి ఉండేది, ఇప్పటికీ ఉంది. పేరు రాయను. ముప్పై ఏళ్ళుగా యాత్రికులు నమ్ముకున్న చోటు. వాళ్ళకు డాట్ ఇన్‌లో ఒక చిన్న సైటు ఉండేది, డాట్ కామ్ ఖాళీ. ఎనిమిదొందలు పెట్టి నేను తీసుకున్నాను. వారం తర్వాత ఆయన దగ్గరికెళ్ళి, "అన్నా, మీ పేరు డాట్ కామ్ నా దగ్గరుంది, పాతిక వేలు" అన్నాను. ఆయన కోప్పడలేదు. కాఫీ తెప్పించి, "మా నాయన పెట్టిన పేరబ్బా అది. నా పేరు నాకే అమ్ముతావా?" అన్నారు. నేను నవ్వేసి లేచి వచ్చాను. వ్యాపారం తెలియని మనిషి అనుకున్నాను.

మరుసటేడు ఎవరో మెయిల్ పెట్టారు. పద్దెనిమిది వేలు ఇస్తానన్నారు. ఎందుకు, ఎవరు అని ఒక్క మాట అడగలేదు. డబ్బు పడింది, ట్రాన్స్‌ఫర్ కోడ్ పంపేశాను. ఎనిమిది నెలల తర్వాత ఒక తెల్లవారుజామున మహారాష్ట్ర నుంచి ముసలి దంపతులు, వాళ్ళ కోడలు, ఇద్దరు పిల్లలు రైలు దిగి ఆ లాడ్జికి వచ్చారు. చేతిలో రెండు రోజులకు రూము బుక్ అయినట్టు రసీదు. రసీదు మీద లాడ్జి పేరు, లాడ్జి ఫొటో, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డబ్బు మాత్రం లాడ్జికి రాలేదు. ఆ వారంలో అలా వచ్చిన నాలుగో కుటుంబం వాళ్ళు. ఆయన ఆ నాలుగు కుటుంబాలకీ డబ్బు తీసుకోకుండా రూములిచ్చారు. తర్వాత ఆ రసీదు పట్టుకుని నా షాపుకొచ్చి, బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా నిలబడ్డారు.

పోలీస్ స్టేషన్‌కి రెండుసార్లు వెళ్ళాను. పాత రికార్డుల్లో ఆ పేరు నాదే కదా. మెయిళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఇచ్చాను. కొన్నవాడి పేరు, అడ్రసు అన్నీ దొంగవే. లాడ్జి తరఫున లాయర్ నోటీసు నాకే వచ్చింది, దొరికినవాణ్ణి నేనే కాబట్టి. నా మీద కేసు పెట్టలేదు. కానీ ఆ నాలుగు నెలలు తలుపు ఎవరు కొట్టినా టెన్షన్. పద్దెనిమిది వేలకు ఇంకొంత కలిపి లాడ్జికి కట్టాను, ఆ కుటుంబాలకు ఇచ్చిన రూముల కింద.

అప్పుడే ఒక పాత ఇంగ్లండు తీర్పు గురించి చదివాను. వన్ ఇన్ ఎ మిలియన్ అనే పేరుతో కొందరు మార్క్స్ అండ్ స్పెన్సర్ లాంటి పెద్ద కంపెనీల పేర్లు పోగేశారు. బర్గర్ కింగ్ పేరుకు ఆ కంపెనీనే పాతిక వేల పౌండ్లు అడిగారు. మేం ఎవరినీ మోసం చేయలేదు, పేర్లు పెట్టుకున్నాం అంతే అన్నారు. అలాంటి పేరు మోసానికి పనిముట్టు, దాన్ని తయారు చేసి చేతులు మార్చేవాణ్ణి కూడా ఆపవచ్చని 1998లో అక్కడి అప్పీల్ కోర్టు చెప్పింది. ఆ రసీదు నా బల్ల మీద చూసిన తర్వాత ఆ మాటలో న్యాయం నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

యాత్రికుల ఊళ్ళో ఇది ఇంకా పెద్ద పాపం అని నా గట్టి నమ్మకం. ఇక్కడికి వచ్చేవాళ్ళకు భాష రాదు, వీధులు తెలియవు. పేరొక్కటే ఆధారం. టీటీడీ పేరుతో నకిలీ సైట్లు పుడుతూనే ఉన్నాయి, దేవస్థానం భక్తులను హెచ్చరిస్తూనే ఉంది. తిరుపతి లడ్డూకి 2009లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది కూడా అలా ఇంకెవరో ఆ పేరు వాడుకోకూడదనే. దేవస్థానం అంటే పెద్ద సంస్థ, పోరాడగలదు. బస్టాండు దగ్గర ఇరవై రూముల లాడ్జి సంగతేమిటి? వైపోలో ఒక్క పేరుకు ఫిర్యాదు చేయాలంటే ఫీజే పదిహేనొందల డాలర్లు. లక్ష రూపాయలు దాటిపోతుంది, లాయర్ వేరే. మా లాడ్జాయన ఆ ఖర్చు విని వద్దన్నారు. చట్టం ఆయన పక్కనే ఉంది, ఆ తలుపు దాకా వెళ్ళే ఖర్చు ఆయనకు ఎక్కువైంది. చిన్నవాళ్ళ పేర్లు తీసుకుంటే గొడవ ఉండదని డొమైన్ వ్యాపారం చేసేవాళ్ళు చెప్పుకోవడం నేను విన్నాను. ఆ లెక్క వేసుకున్నవాడికి తను చేస్తున్నది తప్పని తెలిసే ఉంటుంది.

అలాగని పేర్లు అమ్మే పనంతా దొంగతనం అనను. వాయిస్ డాట్ కామ్ 2019లో మూడు కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అది మామూలు మాట, ఎవరి కష్టాన్నీ దొంగిలించలేదు. పెద్ద కంపెనీలు కూడా అన్నిసార్లూ ధర్మంగా ఉండవు. న్యాయంగా తీసుకున్న పేరుని ఫిర్యాదుతో బెదిరించి లాక్కోవాలని చూస్తే దాన్ని రివర్స్ హైజాకింగ్ అని ప్యానెళ్ళే తీర్పులో రాస్తాయి. నిస్సాన్ అనే ఇంటిపేరున్న ఒకాయన అమెరికాలో కంప్యూటర్ల వ్యాపారం చేస్తూ 1994లో నిస్సాన్ డాట్ కామ్ తీసుకున్నాడు. కార్ల కంపెనీ 1999లో దావా వేసింది. ఏళ్ళ తరబడి పోరాడి పేరు నిలబెట్టుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం, ఎందుకంటే ఆ పేరు ఆయనది, దానితో ఆయన పని చేసుకున్నాడు. కెనడాలో మైక్ రో అనే పదిహేడేళ్ళ కుర్రాడు తన పేరుకు 'సాఫ్ట్' చేర్చి సైటు పెట్టుకున్నాడు. చదివితే మైక్రోసాఫ్ట్ అని వినిపిస్తుంది. కంపెనీ పది డాలర్లు ఇస్తామంటే చిన్నబుచ్చుకుని పదివేలు అడిగాడు. లాయర్లు ఆ పదివేల మాటనే పట్టుకున్నారు. చివరికి 2004లో రాజీతో ముగిసింది. సొంత పేరుండి కూడా ధర చెప్పిన క్షణం నుంచి వాడి బలం తగ్గింది.

రెండు కంపెనీల పేర్లు కలిపిన ఆలోచన దగ్గర మావాడు చాలాసేపు ఆగాడు. 2024లో జియోహాట్‌స్టార్ పేరు ముందే తీసుకున్న కుర్రాడు కేంబ్రిడ్జి చదువుకు డబ్బిస్తే ఇస్తానని బహిరంగంగా రాస్తే దేశమంతా చర్చ జరిగింది. చాలామంది వాడి పక్షాన నిలబడ్డారు, చదువు కోసం కదా అని. నాకూ జాలి కలిగింది. కానీ అతనికి ఆ రెండు పేర్లూ అంతకు ముందే తెలుసు, కలిస్తే ఏమవుతుందో ఊహించే తీసుకున్నాడు. డబ్బు దేనికి ఖర్చు పెడతామన్నది ఆ పేరు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కాదు. చివరికి ఆ కుర్రాడు దుబాయిలో ఉండే ఇద్దరు పిల్లలకు ఆ పేరు అప్పగించేశాడు.

తెల్లారేదాకా వాడి జాబితా తీసుకుని కూర్చున్నాం. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో ఉచితంగానే వెతకవచ్చు. ఒక్కో పేరూ వెతికాం, స్పెల్లింగు మార్చి, పలికినట్టు రాసి కూడా వెతికాం. ఇప్పటికే కొన్నవి మూడున్నాయి. వాటిని అమ్మకానికి పెట్టిన పేజీలు అప్పుడే తీసేయించాను. నోటీసు వస్తే ధర చెప్తూ జవాబు రాయకు, ఇంకొకరికి మార్చే ప్రయత్నం చేయకు, ముందు నాకు చెప్పు, లాయర్ దగ్గరికి వెళ్దాం అన్నాను. మూడింటినీ రెన్యువల్ చేయకుండా వదిలేస్తానన్నాడు. ముప్పై ఎనిమిదిలో ఆరు మిగిలాయి. ఒకటి తోతాపురి మామిడి గుజ్జు గురించి, వాళ్ళ నాన్న స్నేహితుడికి ఫ్యాక్టరీ ఉంది, ఆయనకు సైటు చేసిపెడతాడట. శ్రీకాళహస్తి కలంకారి అన్న పేరు గురించి మాత్రం గొడవ పడ్డాం. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ బట్ట వేసేవాళ్ళు తీసుకోవాల్సిన పేరు అది అన్నాను. ఊరి పేరు, పని పేరు, ఎవరిదైనా ఎలా అవుతుంది అన్నాడు. ఒప్పుకోలేదు, కానీ జాబితాలోంచి తీసేశాడు.

కిందికి దిగుతూ అడిగాడు, "ఆ లాడ్జి డాట్ కామ్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది మామా?"

పోలీసు ఫిర్యాదు తర్వాత దాన్ని ఆపేశారు. 2020లో గడువు తీరి ఖాళీ అయిన రోజే లాడ్జి మెయిల్ అడ్రసుతో వాళ్ళ పేరు మీదే తీసుకున్నాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను. రెన్యువల్ నేనే కడుతున్నాను. ఆయన వద్దంటారు. నాతో బాగానే మాట్లాడతారు, కాఫీ ఇస్తారు. సైటు పని మాత్రం వేరేవాళ్ళ చేత చేయించుకుంటారు. ఈ ఏడాది గడువు ఆగస్టులో ఉంది.